సాళువ డేగ నుంచి మకావ్ దాకా: పంజరం చుట్టూ అల్లుకున్న చట్టాల కథ

నెల్లూరులో మా వీధి మొదట్లో ఉన్న ఒక ఇంటి వరండాలో చాలాకాలం రెండు పంజరాలు వేలాడుతుండేవి. ఒకదానిలో రామచిలుక, రెండోదానిలో నీలం, పసుపు రంగుల మకావ్. రామచిలుకను ఇంట్లో ఉంచుకోవడం నేరమని మనవడు ఎక్కడో చదివి వచ్చి చెప్పాడు. ఇంటి పెద్దావిడ రెండు రోజులు మథనపడి, చివరికి దాన్ని అటవీ సిబ్బందికి అప్పగించి వచ్చింది. మకావ్ మాత్రం అక్కడే ఉంది. ఆ సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి అడిగింది: "మన వేపచెట్టు మీద వాలే చిలకను సాకితే తప్పట. ఏ దేశానిదో తెలియని చిలకను సాకితే తప్పు కాదట. ఇదెక్కడి న్యాయం నాయనా?"

ఆవిడ ప్రశ్న సూటిగా ఉంది. జవాబు చెప్పాలంటే మాత్రం చాలా వెనక్కి వెళ్లాలి. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. ఆవిడ చెప్పిన వేపచెట్టే రాష్ట్ర వృక్షం. భారత వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ చిలుకను పట్టినా, అమ్మినా, పంజరంలో పెట్టినా శిక్ష తప్పదు. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో మాత్రం కథ తలకిందులుగా ఉంటుంది. ప్రపంచంలోని చిలుక జాతులన్నీ దాదాపుగా ఆ ఒప్పందపు జాబితాల్లో ఉన్నాయి. వదిలేసినవి నాలుగే. మనం లవ్ బర్డ్స్ అని పిలుచుకునే బడ్జెరిగార్, కాకటీల్, గులాబీ ముఖపు లవ్ బర్డ్, నాలుగోది మన రామచిలుక. మకావ్‌లు ఆ జాబితాలో ఉన్నా, అవి మన దేశంలోకి వచ్చి ఒకరి ఇంట్లో కుదురుకున్నాక వాటి గురించి మన వన్యప్రాణి చట్టం యాభై ఏళ్ల పాటు ఒక్క మాటా చెప్పలేదు. ఇంటి తలుపును ఒక కాలంలో, వీధి తలుపును మరో కాలంలో బిగించినట్టయింది.

మొదట డేగల సంగతి చెప్పాలి. అడవి ప్రాణిని పట్టి, మచ్చిక చేసి, మనిషి పనికి వాడుకోవడంలో డేగవేటను మించిన విద్య లేదు. తెలుగులో ఆ విద్య మిగిల్చిన మాటలు ఇంకా ఉన్నాయి. సాళువ అంటే వేటకు వాడే డేగ. శత్రువులనే పక్షుల పాలిట సాళువ అన్న అర్థంలో బిరుదుగా మొదలై అది ఒక రాజవంశానికి పేరైంది. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడి ఇంటిపేరులో ఉన్నది ఆ డేగే. అంతకు మూడున్నర శతాబ్దాల ముందు, కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజుల వినోదాల్లో ఒకటిగా శ్యేనవినోదాన్ని, అంటే డేగవేటను, వర్ణించాడు. బైరి, లగ్గడు అన్న డేగల పేర్లూ మన నిఘంటువుల్లో ఉన్నాయి. ఈ తరానికి వాటి ముఖపరిచయం లేదు.

బైరి మాత్రం ఇప్పటికీ వస్తుంది. ఏటా చలికాలంలో ఉత్తరాది చలిదేశాల నుంచి పులికాట్ తీరానికి దిగుతుంది. నీటి మీద ప్రశాంతంగా తేలుతున్న బాతుల గుంపు కారణం లేకుండా ఒక్కసారిగా లేచి, గాలిలో ముద్దలా ముడుచుకుపోతే, పైన ఎక్కడో బైరి ఉన్నట్టే. గంటకు మూడు వందల కిలోమీటర్లు మించిన వేగంతో అది కిందికి దూకుతుంది. ఆ దృశ్యం చూసినవారికి, రాజులు ఈ పక్షి కోసం ఎందుకంత తాపత్రయపడ్డారో వేరే చెప్పనక్కర్లేదు.

కానీ డేగను చేతి మీద మోసినవాడు ఒకడు, వల పన్ని పట్టినవాడు మరొకడు. రెండోవాడి పేరు ఏ శాసనంలోనూ కనబడదు. ఏ పక్షి ఏ నెలలో ఎక్కడ దిగుతుందో, దేనికి ఆశపడుతుందో, ఏ కూతకు తల తిప్పుతుందో తెలిసింది అతనికే. నెల్లూరు సీమలో ఆ జ్ఞానం యానాదుల దగ్గర, నక్కలవాళ్ల దగ్గర ఉండేది.

ఇంగ్లీషువాళ్లు వచ్చాక ఆ జ్ఞానం పుస్తకాల్లోకి ఎక్కింది, దాని సొంతదారుల చేతులకు మాత్రం సంకెళ్లు పడ్డాయి. థామస్ జెర్డన్ అనే వైద్యుడు 1840లలో నెల్లూరు సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఈ ప్రాంతపు జీవజాలం గురించి యానాదులను అడిగి తెలుసుకునేవాడు. పక్షుల మీద తాను రాసిన గ్రంథాల్లో తెలుగు పేర్లను కూడా ఓపికగా నమోదు చేశాడు. నెల్లూరు, కడప కొండల వైపు నుంచి అతను సేకరించిన ఒక పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మనం కలివికోడి అనే ఆ పక్షి ప్రపంచానికి జెర్డన్ పేరుతోనే తెలుసు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. రాత్రి పూట టార్చి వెలుగులో దాన్ని పట్టింది అక్కడి స్థానిక వేటగాడే. శాస్త్రవేత్తలు ఎనభై ఆరేళ్లు చూడలేకపోయిన పక్షిని అతని కళ్లు గుర్తుపట్టాయి. ఈ విషయం చెప్పకుండా పక్షుల చట్టాల చరిత్ర చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చట్టాల వరస ఇలా సాగింది. 1873లో మద్రాసు ప్రభుత్వం అడవి ఏనుగుల రక్షణకు చట్టం చేసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో వేట సర్కారు అనుమతి కిందికి వచ్చింది. 1887లో దేశమంతటికీ అడవి పక్షుల చట్టం వచ్చింది. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో వాటిని అమ్మడం, దగ్గర ఉంచుకోవడం మునిసిపాలిటీల పరిధిలో నిషేధించే అధికారం అందులో ఉంది. పక్షుల ఈకలను పట్టణంలోకి తీసుకురావడాన్ని కూడా ఆపవచ్చు. అంటే దిగుమతి అన్న మాటకు అప్పట్లో అర్థం ఓడరేవు కాదు, ఊరి పొలిమేర. 1902లో ఈకల ఎగుమతిని ఆపారు. 1912లో పక్షులతో పాటు జంతువులకూ వర్తించే చట్టం వచ్చింది. వీటన్నిటిలో ఒకే ధోరణి కనిపిస్తుంది. తుపాకీ లైసెన్సు ఉన్న దొరకు వేట వినోదం, వల ఉన్న యానాదికి అదే నేరం.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా వన్యప్రాణులు రాష్ట్రాల జాబితాలోనే ఉండిపోయాయి. దేశమంతటికీ ఒకే చట్టం చేయడానికి పార్లమెంటుకు నేరుగా అధికారం లేదు. అందుకే రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద పదకొండు రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి, మీరే చట్టం చేయండని అడిగాయి. ఆ పదకొండింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అలా పుట్టింది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. నాలుగేళ్ల తర్వాత 42వ రాజ్యాంగ సవరణతో ఈ విషయం ఉమ్మడి జాబితాలోకి మారింది. నేలపట్టు, పులికాట్ పక్షుల అభయారణ్యాలు ప్రకటించింది కూడా ఆ 1976లోనే.

ఆ చట్టం మౌలికంగా మార్చింది యాజమాన్యాన్ని. నిబంధనలకు విరుద్ధంగా పట్టిన అడవి ప్రాణి ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షన్ చెప్పింది. అప్పటికే షెడ్యూలు అనే రక్షిత జాబితాలోని జంతువులు దగ్గర ఉన్నవారు ముప్పై రోజుల్లో ప్రకటించి యాజమాన్య పత్రం తీసుకోవాలంది. పెద్ద డేగలను మొదటి షెడ్యూలులో చేర్చింది, గద్దల కుటుంబం తర్వాత దానికి జతయింది. డేగవేటను నిషేధిస్తున్నామని చట్టంలో ఎక్కడా ప్రత్యేకంగా రాయనక్కర్లేకపోయింది. డేగను పట్టడమే నేరమైతే వేట ఎక్కడిది? వేల ఏళ్ల విద్య ఒక జాబితాలోని కొన్ని పేర్లతో ఆగిపోయింది. 2010లో యునెస్కో డేగవేటను మానవాళి వారసత్వంగా గుర్తించింది. 2021 నాటికి 24 దేశాలు ఆ జాబితాలో చేరాయి. పాకిస్తాన్ ఉంది, మనం లేము. డేగలను మళ్లీ పట్టనివ్వాలని నేను అనను. పులికాట్ మీది ఆకాశం వాటికి చాలు. కానీ ఆ విద్య తెలిసిన చివరి మనుషుల మాటలను ఎవరైనా రాసిపెట్టి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

అమెరికా మరో దారి పట్టింది. మన జిల్లా పిల్లలు ఎందరో అక్కడ ఉన్నారు కనుక ఈ పోలిక పనికొస్తుంది. మన చట్టం వచ్చిన 1972లోనే అక్కడా వేటపక్షులను వలస పక్షుల రక్షణ చట్టం కిందికి తెచ్చారు. అయితే డేగవేటను ఆపేయకుండా 1976లో దానికి నియమాలు రాశారు. ఇప్పుడు అక్కడి రాష్ట్రాలే అనుమతి ఇస్తాయి. పన్నెండేళ్లు నిండాలి, పరీక్షలో నూటికి ఎనభై మార్కులు రావాలి, అనుభవజ్ఞుడి కింద రెండేళ్లు శిష్యరికం చేయాలి, పక్షిని ఉంచే గదిని అధికారులు వచ్చి చూడాలి. డీడీటీ పురుగుమందు వల్ల అక్కడ బైరి డేగలు దాదాపు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, వాటిని బంధనంలో పిల్లలు చేయించి అడవికి వదిలింది డేగవేటగాళ్ల విద్యే. 1999లో ఆ పక్షి అక్కడి ప్రమాద జాబితా నుంచి బయటపడింది.

మన దగ్గర తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఒకప్పుడు భారతదేశం అడవి పక్షుల పెద్ద ఎగుమతిదారు. 1990-91లో దేశవాళీ పక్షుల వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించారు. చిలుకల కోసం అడవిలో జరిగిన దోపిడీని చూస్తే అది సరైన నిర్ణయమే. కానీ వల తప్ప వేరే బతుకుతెరువు తెలియని నక్కలవాళ్లకు ప్రత్యామ్నాయంగా చూపించింది చాలా తక్కువ. పూసలు, పిన్నీసులు అమ్ముతూ బస్టాండ్ల దగ్గర కనిపించే కుటుంబాల వెనుక ఈ చట్టాల చరిత్ర కూడా ఉంది. ఇక బజారులో ఖాళీ అయిన పంజరాల్లోకి విదేశీ పక్షులు వచ్చాయి. మొదట బడ్జెరిగార్లు, కాకటీళ్లు. తర్వాత మకావ్‌లు, ఆఫ్రికా బూడిదరంగు చిలుకలు, ఇగువానాలు, బాల్ పైథాన్లు. దిగుమతికి లైసెన్సు, సైటిస్ పత్రం, ఆరోగ్య ధ్రువీకరణ, క్వారంటైన్ అన్నీ ఉండాలి. కానీ కస్టమ్స్ కన్నుగప్పి సూట్‌కేసులో వచ్చిన ప్రాణి ఒకసారి చెన్నై విమానాశ్రయం దాటితే, దాని పిల్లలంటూ వేరే ప్రాణులను అమ్మితే, అడిగే నియమమే అప్పట్లో లేదు.

ఇందులోని వింత నెల్లూరు జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి టైగర్ రొయ్యల చెరువులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో ఇక్కడి రైతులు మరచిపోలేదు. అందుకే అమెరికా జాతి వెనామీ వచ్చినప్పుడు ప్రభుత్వం జాగ్రత్త పడింది. 2003లో ప్రయోగాత్మకంగా, 2009లో విస్తృతంగా అనుమతించింది. తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాకే హేచరీలకు చేరతాయి. మన ఒంగోలు పశువులు కూడా ఇలాంటి గడపలే దాటాయి. 1878లో హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఒక జతను తెప్పించుకున్న బ్రెజిల్, 1962లో తెచ్చుకున్న మందను తీరానికి దూరంగా ఉన్న ఫెర్నాండో డి నోరోన్హా దీవిలో నిలిపి పరీక్షించాకే లోపలికి రానిచ్చింది. ఆ జాతికి అక్కడ నెలోర్ అని మన ఊరి పేరే పెట్టుకున్నారు. రొయ్యకూ ఎద్దుకూ ఉన్న ఆ గడప, మనిషికి సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు అంటించగల చిలుకకు ఆచరణలో లేకపోయింది. 2024 ఫిబ్రవరిలో చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బ గ్రామాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు చనిపోయినప్పుడు ఈ జిల్లా ఎంత వణికిపోయిందో చూశాం. దాన్ని పంజరపు పక్షులకు ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ప్రాణి ఊళ్లో ఉండటం ఎంత ప్రమాదమో చెప్పడమే.

చివరికి 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సూచన జారీ చేసింది. విదేశీ ప్రాణులు ఉన్నవారు ఆరు నెలల్లోగా స్వచ్ఛందంగా ప్రకటిస్తే కాగితాలు అడగబోమంది. తర్వాత ఆ గడువు పొడిగించారు. సక్రమంగా తెచ్చినవారికీ దొంగదారిన తెచ్చినవారికీ ఒకే మాఫీ ఇవ్వడం నాకు నచ్చలేదు. కానీ లెక్కే లేనిచోట లెక్క మొదలుపెట్టడానికి వేరే మార్గం కూడా కనిపించదు. 2022 డిసెంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి. నాలుగో షెడ్యూలు మొత్తం సైటిస్ జాతులకే. మకావ్ మొదటిసారి మన చట్టంలోకి అడుగుపెట్టింది అలాగే. స్థానిక జీవజాలాన్ని దెబ్బతీసే పరాయి జాతుల దిగుమతిని, పెంపకాన్ని ఆపే అధికారం కూడా కేంద్రానికి వచ్చింది. చెరువుల్లోకి చేరిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను 2000లోనే నిషేధించినా చాటుగా పెంచుతూనే ఉన్న మన రాష్ట్రానికి ఈ అంశం చాలా ముఖ్యం.

2024 ఫిబ్రవరి 28న నమోదు నియమాలు వచ్చాయి. అప్పటికే నాలుగో షెడ్యూలు ప్రాణి ఉన్నవారు ఆరు నెలల్లోగా, కొత్తగా తెచ్చుకున్నవారు ముప్పై రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని అవి చెప్పాయి. రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి దాన్ని పరిశీలిస్తారు. ప్రాణి పిల్లలు పెట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి.

ఇదంతా చెప్పాక పెద్దావిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మకావ్ కొన్నప్పటి చీటీ కోసం బీరువా అంతా వెతికింది. దొరకలేదు. అమ్మినవాడు ఇవ్వనే లేదని చివరికి గుర్తొచ్చింది. అది ఎన్నేళ్లు బతుకుతుందని అడిగింది. సరిగా చూసుకుంటే యాభై ఏళ్లకు పైనే అన్నాను. ఆవిడకు డెబ్బై రెండు. మనవడు కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తు నింపుతుంటే, యజమాని పేరు ఉన్న గడి దగ్గర ఆపి, "నా పేరు వద్దు, నీ పేరు రాయి" అంది.