కుళాయి నీళ్లలో క్లోరిన్ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

అపోహ: వాసన ఘాటుగా వస్తే క్లోరిన్ ఎక్కువైనట్టే.
వాస్తవం: ముక్కును నమ్మొద్దు. ఆ ఘాటు చాలాసార్లు అమ్మోనియాతో కలిసి క్లోరమిన్లుగా మారిన క్లోరిన్‌ది. క్రిముల మీద దాని పట్టు తక్కువ. మనం చూడాల్సింది ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవకుండా మిగిలిన క్లోరిన్. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

అపోహ: ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు వేస్తే పసుపు వచ్చింది, అది చాలు.
వాస్తవం: ఎప్పుడు చూశామన్నదే అసలు సంగతి. కలిపిన పది సెకన్లలోపు కనిపించే పసుపు ఫ్రీ క్లోరిన్‌ది. ఐదు నిమిషాలాగి చూస్తే కంబైన్డ్ క్లోరిన్ (క్లోరమిన్లుగా మారినది) కూడా అందులో చేరిపోతుంది. బెజవాడ ఎండలకు నీళ్లు వేడెక్కితే ఆ రంగు ఇంకా తొందరగా వస్తుంది. పైగా ఆర్థోటోలిడిన్ విషపదార్థం, ఒంటికి తగలనివ్వకూడదు. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు చూపే డీపీడీ మాత్రలకు మారడమే మంచిది.

డీపీడీతో ఇలా చేయాలి: ట్యూబును అదే నీటితో రెండుసార్లు తొలిచి, 10 మి.లీ. గీత దాకా నింపాలి. ఒకటో నంబరు మాత్రను చేత్తో తాకకుండా వేసి, పుల్లతో నలిపి కలపాలి. వచ్చిన గులాబీ రంగును నిమిషంలోపు రంగుల పట్టీతో పోల్చాలి. అది ఫ్రీ క్లోరిన్. అదే ట్యూబులో మూడో నంబరు మాత్ర వేసి రెండు నిమిషాలాగితే మొత్తం క్లోరిన్ తెలుస్తుంది. రెండింటి తేడాయే కంబైన్డ్.

అపోహ: రంగు రాలేదంటే క్లోరిన్ లేదు.
వాస్తవం: ఇది ప్రమాదకరమైన పొరపాటు. క్లోరిన్ మరీ ఎక్కువైతే డీపీడీ రంగునే తెల్లబరిచేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచినట్టు, నీళ్లు చేరిన సంపులో బ్లీచింగ్ గట్టిగా వేశాక పరీక్షిస్తే ఇలాగే మోసపోవచ్చు. మాత్ర పడిన చోట గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైందా? సున్నా అని రాయకండి. 1 మి.లీ. నమూనాకు 9 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ చేసి, వచ్చిన అంకెను పదితో గుణించండి.

అపోహ: బ్యాక్టీరియా పరీక్షకు తీసిన సీసాలోనే క్లోరిన్ కూడా చూడొచ్చు.
వాస్తవం: చూడలేం. ఆ సీసాలో ముందే వేసే సోడియం థయోసల్ఫేట్ క్లోరిన్‌ను అక్కడికక్కడే విరిచేస్తుంది, ఎప్పుడూ సున్నాయే వస్తుంది. మామూలు సీసాలో పట్టినా ఎండకు, ఆలస్యానికి క్లోరిన్ తగ్గిపోతుంది. అందుకే కుళాయి దగ్గరే, సంపులోకి పోకముందు, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలాక పరీక్షించాలి. గుంటూరు వాళ్లు తక్కెళ్లపాడు నీటిశుద్ధి ప్లాంటు రీడింగుతో సరిపెట్టుకోకూడదు, పైపు చివరి వీధిలో ట్యూబు పట్టాలి.