కేజీఎఫ్ బంగారం మాట మళ్లీ మళ్లీ ఎందుకు లేస్తుంది

కేజీఎఫ్‌లో, అంటే కర్ణాటకలో కోలార్ బంగారు గనుల ఊళ్లో, మళ్లీ బంగారం తీస్తారంట అనే మాట లేచినప్పుడల్లా బెంగుళూరులో మనవాళ్లు అడిగేది ఒకటే, బంగారం ఉంటే ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారు అని. సినిమా సంగతి పక్కన పెట్టండి, అసలు కథ ఇంకా పాతది, దాని ఒక కొస మన ఊళ్లోనే ఉంది, లావెల్ రోడ్డు పేరులో.

1802లో మైసూరు సరిహద్దు సర్వేకొచ్చిన వారెన్ అనే దొరకి ఇప్పటి కేజీఎఫ్‌లోని మారికుప్పం, ఊరిగాం వైపు జనం మట్టి కడిగి బంగారం తీస్తారని తెలిసింది. ఎప్పుడో ఆయన రాసింది 1871 ప్రాంతంలో చదివాడు మైకేల్ లావెల్, కంటోన్మెంట్‌లో ఉండే ఐరిష్ సోల్జర్. ఎద్దుల బండి కట్టించుకుని వెళ్లి చూసొచ్చాడు, లైసెన్సూ తెచ్చుకున్నాడు, కానీ లోతుకి పోయేంత డబ్బు లేక వేరేవాళ్లకి అమ్మేశాడు. రోడ్డు మాత్రం మిగిలింది.

తర్వాత కంపెనీలు దిగాయి, వాటికీ చేతులు కాలాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు గనుల కంపెనీ వచ్చాక కూడా డబ్బులు అయిపోవస్తుంటే మిగిలింది పంచేసుకుందాం అన్నారంట షేర్‌హోల్డర్లు. అప్పుడు ప్లమర్ అనే కెప్టెన్ కొత్తచోట వెతకడం మానేసి, మన పాతకాలం వాళ్లు తవ్వి వదిలేసిన గుంతల కిందకే దిగాడు, అక్కడే ఛాంపియన్ లోడ్ అనే పెద్ద బంగారు రాతిపొర దొరికింది. నాకైతే మొత్తం చరిత్రలో ఇదే ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే దొరలు "కనిపెట్టింది" ఊరోళ్లకి ముందే తెలిసిన చోటు.

ఆ పైన అంతా స్పీడు. 1902లో కావేరి మీదున్న శివనసముద్రం నుంచి కరెంటు గనికెళ్లింది, బెంగుళూరు వీధుల్లో లైట్లు వెలిగింది 1905లో. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి దిగింది, కింద వేడి, రాయి పేలిపోవడాలు, ప్రాణాలు పోవడాలు. అంత లోతుకి పోయేసరికి ఒకప్పుడు టన్ను రాయికి 40 గ్రాముల పైన వచ్చే బంగారం 3 గ్రాములకి పడిపోయింది, ఖర్చు మాత్రం పెరుగుతూనే పోయింది. మొత్తం మీద 800 టన్నుల పైచిలుకు తీశాక, 2001 ఫిబ్రవరి 28న గనులు నడిపే కేంద్ర ప్రభుత్వ కంపెనీ బీజీఎంఎల్ (భారత్ గోల్డ్ మైన్స్) వాటిని మూసేసింది. కుప్పం దగ్గర మన చిగురుగుంట, బిసానత్తం గనులూ ఇదే రాతిపట్టీ, అవీ అప్పుడే ఆగాయి.

అంటే బంగారం అయిపోయి కాదు, గిట్టుబాటు కాక మూసేశారు. ఇప్పుడు రేటు ఎక్కడికో పోయింది కాబట్టి లెక్క మారింది. కానీ పంపులు ఆపాక కింద గనుల్లో నీళ్లు నిండిపోయాయి, తోడటమే పెద్ద ప్రాజెక్టు. అందుకే కళ్లు పైనున్న సైనైడ్ దిబ్బల మీద పడ్డాయి, అంటే రాయి దంచి సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన పొడి గుట్టలు. 13 దిబ్బలు, దాదాపు 3.3 కోట్ల టన్నుల పొడి, టన్నుకి గ్రాము కూడా రాదు గానీ ఆల్రెడీ తవ్వి, దంచి పెట్టిన సరుకు కదా. 2024 జూన్‌లో కర్ణాటక కేబినెట్ ఈ దిబ్బల పనికి ఓకే కూడా చెప్పింది.

అక్కడి జనానికి మాత్రం ఆ దిబ్బ అంటే గాలొస్తే ఇంట్లోకొచ్చే దుమ్ము. గని పోయాక ఆ ఊరోళ్లు వేలమంది పొద్దున్నే మారికుప్పం ట్రైనెక్కి బెంగుళూరు పనులకొస్తున్నారు. దిబ్బ మట్టిని మళ్లీ కడిగేది మెషిన్లు, పాత గనిలాగా వేలమందికి కూలి దొరకదు. పైగా టన్నులో గ్రాము తీసేసినా మిగతా టన్ను అక్కడే ఉంటుంది, దాన్ని ఎక్కడ పోస్తారు అన్నది టెండర్ రేటు కన్నా ముందు అడగాల్సిన మాట.