బీరువా మీది బొమ్మ: శారీరక వైకల్యం ఉన్న పిల్లల ఆటలపై అపోహలు - వాస్తవాలు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులూ ఆటలూ వీలైనంత సొంతంగా చేసుకునేలా సాయపడే థెరపిస్టుని. సెరిబ్రల్ పాల్సీ (సీపీ, చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి), కండరాల జబ్బులు ఉన్న పిల్లలతోనే నా పని. వాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు తరచూ బీరువా మీద ఓ కొత్త బొమ్మ కనిపిస్తుంది, కవరైనా విప్పకుండా. పుట్టినరోజుకి మేనమామ తెచ్చి ఉంటాడు. "వాడెలాగూ ఆడలేడు కదండీ, ఊరికే పాడవుతుందని పైన పెట్టాం" అంటారు. ఆ బొమ్మ కిందికి దిగకుండా అడ్డుపడే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: ఇలాంటి పిల్లల బొమ్మలు విదేశాల నుంచే తెప్పించాలి, వేలల్లో ఖర్చు.

వాస్తవం: తిరునాళ్లలో అమ్మే డప్పు కొట్టే కోతి చాలు. దాని లోపల ఉండేది రెండు పెన్సిల్ సెల్లులు, ఓ చిన్న మోటారు. పలచటి ప్లాస్టిక్ ముక్కని సెల్లు సైజులో గుండ్రంగా కత్తిరించి, రెండువైపులా కాపర్ టేపు అంటించి, ఒక్కోవైపు ఒక్కో వైరు సోల్డర్ చేస్తాం. దాన్ని సెల్లుకీ స్ప్రింగుకీ మధ్య దూరుస్తాం. ఇక బొమ్మ స్విచ్ ఆన్‌లో ఉన్నా కరెంటు అక్కడే ఆగిపోతుంది. ఆ రెండు వైర్లను బయటికి తెచ్చి వేరే స్విచ్‌కి కలిపితే, బిడ్డ అది నొక్కినప్పుడే కోతి డప్పు కొడుతుంది. టేపులు అంచు దగ్గర ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. తగిలితే ఎవరూ నొక్కకుండానే కోతి మొదలెట్టేస్తుంది. స్విచ్ కోసం నేను ఎక్కువగా వాడేది కాలింగ్ బెల్ బటన్. దాని మీద వెడల్పాటి డబ్బా మూత అంటిస్తే ఎక్కడ తట్టినా పడుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఈ సామానంతా కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

ఒక మెలిక ఉంది. ఆన్ చేయగానే ఆడే బొమ్మలకే ఈ పద్ధతి. పొట్ట నొక్కితే పాడే టెడ్డీలకి కుట్లు విప్పి, లోపలి బటన్ వైర్లకే కలపాలి. కొనేముందు షాపులోనే ఆడించి చూడండి.

అపోహ: వైర్లు బయటికి తీస్తే షాక్ కొడుతుంది.

వాస్తవం: ఒక్కో పెన్సిల్ సెల్లు 1.5 వోల్టులు, రెండూ కలిపితే 3. షాక్ కొట్టదు. గోడకి ప్లగ్ పెట్టేవి, ఛార్జింగ్ పెట్టేవి మాత్రం విప్పొద్దు. నాకు అసలు భయం గుండీ సెల్లులంటే. మింగితే గొంతులో ఇరుక్కుని 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలవు. వాటితో నడిచే బొమ్మకి సెల్లు మూత మీద స్క్రూ లేకపోతే ఇంట్లోకి రానివ్వకండి.

అపోహ: స్విచ్ అంటే చేత్తోనే నొక్కాలి.

వాస్తవం: ఇది నేనూ నమ్మాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ నాలుగేళ్ల పాపకి బొమ్మ ఎదురుగా పెట్టి, స్విచ్ కుడిచేతి పక్కన పెట్టాను. స్విచ్ కోసం తల కుడికి తిప్పేది. తిప్పగానే కుడిచెయ్యి కర్రలా చాచుకుపోయేది, ఎడమచెయ్యి మడుచుకునేది. కొందరు సీపీ పిల్లల్లో తల ఎటు తిరిగితే అటు చెయ్యి అలా దానంతటదే బిగుసుకుంటుంది. ఎప్పుడైనా స్విచ్ పడినా, అప్పటికి చూపు బొమ్మ మీద లేదు. "ఆసక్తి చూపడం లేదు" అని ఫైల్లో రాసేశాను. వారం తర్వాత వాళ్లమ్మే అంది: "మేడమ్, సంతోషమొస్తే మోకాలు ఆడిస్తుంది, చూశారా?" నేను చూడలేదు. స్విచ్‌ని మోకాలి పక్కన వెల్క్రోతో బిగించాం. కోతి ఎన్నిసార్లు డప్పు కొట్టిందో లెక్కపెట్టలేదు కానీ, సాయంత్రానికి సెల్లులు మార్చాల్సి వచ్చింది. ఫైల్లో ఆ వాక్యం కొట్టేశాను.

చెంప, మోచెయ్యి, పాదం, ఏది తన ఇష్టంతో కదిలిస్తే స్విచ్ అక్కడికే. అంతకంటే ముందు సరిగ్గా కూర్చోబెట్టాలి. పాదాలు గాల్లో వేలాడుతుంటే ఒళ్లు నిలబెట్టుకోవడంతోనే బలమంతా అయిపోతుంది.

అపోహ: వాడికేం తెలుస్తుంది?

వాస్తవం: నాయనమ్మలు "ఇలా నొక్కు నాన్నా" అంటూ చెయ్యి పట్టుకుని నొక్కించేస్తారు. ప్రేమే, కాదనను. కానీ అప్పుడు ఆడింది నాయనమ్మ. "నొక్కు" అని ఒక్కసారి చెప్పి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. మాట విని, ఒళ్లు కదిలించడానికి ఈ పిల్లల్లో చాలామందికి అంత సమయం పడుతుంది. ఆ ఇరవై అంకెలు ఆపుకోవడం నాకూ కష్టమే.

అపోహ: లైట్లు, మోత ఎంత ఉంటే అంత మంచిది.

వాస్తవం: హఠాత్తుగా మోత వస్తే చాలామంది సీపీ పిల్లలు ఉలిక్కిపడి ఒళ్లంతా బిగుసుకుంటారు. స్పీకర్ చిల్లుల మీద టేపు అంటించండి. ఫిట్స్ ఉంటే, మినుకుమినుకుమనే లైట్ల గురించి ముందు డాక్టర్ని అడగండి.

అపోహ: బ్యాటరీ బొమ్మలే కావాలి.

వాస్తవం: చాలామందికి స్విచ్ అవసరమే ఉండదు. వామనగుంటల పీట జారకుండా కింద తడిగుడ్డ, చింతగింజల బదులు పెద్ద గోళీలు; క్రేయాన్‌కి సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు. పన్నెండేళ్లవాడి చేతిలో గిలక్కాయ పెడితే వాడికి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. ఆ వయసువాళ్లకి నేను అష్టాచెమ్మా తీస్తాను. గవ్వలు గుప్పిట్లో పట్టలేకపోతే స్టీలు గ్లాసులో వేసి, గ్లాసుని వెల్క్రో పట్టీతో అరచేతికి కడతాం. ఒకింట్లో అలా ఆడుతున్న పిల్లాడికి వరసగా రెండు అష్టాలు పడ్డాయి. "గ్లాసుతో వేస్తే తొండి, నేనూ గ్లాసుతోనే వేస్తా" అని వాళ్ల చెల్లి ఒకటే గోల.