అప్‌డేట్ నిజంగా ఎక్కిందా? పిల్లలకు ఓ ఉత్తరం

పిల్లలూ,

కంప్యూటర్‌లో ఏయే అప్‌డేట్లు ఎక్కాయో ఎక్కడ చూడాలని అడిగారు. "అంతా అప్ టు డేట్‌గా ఉంది అని టిక్కు పెట్టి మరీ చెబుతోంది కదా, ఇంకా చూసేదేముంది?" అని కూడా మీలో ఒకరు అన్నారు. ముందు ఆ టిక్కు సంగతి చూద్దాం. కంప్యూటర్ కిందటిసారి వెతికినప్పుడు తనకు కొత్తగా ఏమీ దొరకలేదనే దాని అర్థం. అంతకుమించి ఏమీ లేదు. పక్కనే చిన్న అక్షరాల్లో చివరిగా ఎప్పుడు వెతికిందో రాసి ఉంటుంది. నేనైతే టిక్కు కంటే ముందు ఆ తేదీ చూస్తాను.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2017లో జరిగింది వినండి. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే భాగంలో ఒక లోపం ఉండేది. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న దానికి ప్యాచ్, అంటే ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. మే 12న వనాక్రై అనే వార్మ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్) అదే లోపంలోంచి దూరి, ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు కొన్ని అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. అప్పటికి ప్యాచ్ వచ్చి దాదాపు రెండు నెలలు! అది ఎక్కిన మిషన్లలోకి వార్మ్ ఆ దారిన రాలేకపోయింది. ఆ రోజు కంప్యూటర్లు చూసుకునే ప్రతివాళ్లకీ ఎదురైన ప్రశ్న మీరు నన్ను అడిగినదే: మన మిషన్‌లో అది ఎక్కిందా, లేదా?

విండోస్ 11లో అయితే సెట్టింగ్స్ తెరిచి, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి, అప్‌డేట్ హిస్టరీ నొక్కండి. చూడటం వల్ల ఏదీ చెడిపోదు, టెన్షన్ పడకండి. అక్కడ రకాలవారీగా జాబితాలు కనిపిస్తాయి. ఫీచర్ అప్‌డేట్లంటే విండోస్‌లో పెద్ద మార్పులు, ఏడాదికి ఒకసారి వచ్చేవి. క్వాలిటీ అప్‌డేట్లంటే నెలనెలా వచ్చే మరమ్మతులు. ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, వేరే ఉంటాయి. డెఫినిషన్ అప్‌డేట్లు డిఫెండర్ యాంటీవైరస్‌కి కొత్త వైరస్‌ల ఆనవాళ్లు అందిస్తాయి. మీరు ముఖ్యంగా చూడాల్సింది క్వాలిటీ వరస.

ఆ వరసలో ఒక్కో అప్‌డేట్ పేరులో కేబీ అనే అక్షరాలు, వాటి వెనక ఏడంకెల సంఖ్య ఉంటాయి. ఆ నంబర్‌ని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ సైట్‌లో వెతికితే ఆ అప్‌డేట్ ఏమి బాగుచేసిందో, దానివల్ల కొత్తగా ఏమైనా ఇబ్బందులు వచ్చాయో తెలుస్తుంది. డిఫెండర్ వరసలో మాత్రం కేబీ2267602 అనే ఒకే నంబర్ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకటే అప్‌డేట్ పదేపదే ఎక్కుతోందని కంగారు పడకండి. నంబర్ అదే అయినా పక్కనున్న వెర్షన్ మారుతూ ఉంటుంది.

హిస్టరీలో పేరు ఉన్నంత మాత్రాన ఎక్కినట్టు కాదు. పేరు కింద ఉన్న చిన్న వాక్యం చదవండి. విజయవంతంగా ఇన్‌స్టాల్ అయిందనీ ఉండొచ్చు, ఫెయిల్ అయిందనీ ఉండొచ్చు. ఒకే నంబర్ రెండుసార్లు ఫెయిలై, మూడోసారి ఎక్కితే గొడవ లేదు. ప్రతిసారీ ఫెయిల్ అవుతుంటే దాంతోపాటు చూపించే ఎర్రర్ కోడ్ రాసి పెట్టుకోండి.

విండోస్ 10 నాటి నుంచీ నెలవారీ అప్‌డేట్లన్నీ క్యుములేటివ్. అంటే ఈ నెలది ఎక్కితే పాత నెలల మరమ్మతులు కూడా అందులోనే వచ్చేస్తాయి. కాబట్టి పాత నంబర్ ఏదో జాబితాలో లేదని వెతుక్కోవడం దండగ, చివరిది ఉందో లేదో చూస్తే చాలు. ఇవి ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. 2003 అక్టోబర్ నుంచి ఇదే పద్ధతి. ఆ మంగళవారం దాటి వారమైనా మీ జాబితాలో ఆ నెలది లేకపోతే ఎందుకో కనుక్కోవాలి.

నేను హిస్టరీ కంటే ఎక్కువగా నమ్మేది బిల్డ్ నంబర్‌ని, అంటే మీ మిషన్‌లో ఉన్న విండోస్ సరిగ్గా ఏదో చెప్పే సంఖ్యని. విండోస్ బొమ్మ ఉన్న కీ, ఆర్ కీ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో విన్‌వర్ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. చిన్న కిటికీలో వెర్షన్, బిల్డ్ కనిపిస్తాయి. బిల్డ్ 26100తో మొదలైతే అది విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్. చుక్క తర్వాతి అంకె నెలవారీ అప్‌డేట్ ఎక్కినప్పుడల్లా పెరుగుతుంది. కేబీ పేజీలో కూడా అది ఏ బిల్డో రాసి ఉంటుంది. రెండూ సరిపోలితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆదేశాలు టైప్ చేయడం సరదా అనిపించేవాళ్లు పవర్‌షెల్ తెరిచి గెట్ హాట్‌ఫిక్స్ అనే ఆదేశం వాడండి, మధ్యలో ఖాళీకి బదులు చిన్న గీత పెట్టాలి. అది కేబీ నంబర్లను తేదీలతో చూపిస్తుంది. డ్రైవర్లు, డిఫెండర్ సంగతులు అందులో రావు.

ఇక రీస్టార్ట్. పని మధ్యలో అడుగుతుందని మీకందరికీ దాని మీద కోపం, నాకు తెలుసు. కానీ విండోస్ నడుస్తున్నప్పుడు వాడుకలో ఉన్న ఫైళ్లను మార్చడానికి వీలుండదు. అప్‌డేట్ వచ్చి కూర్చున్నా రీస్టార్ట్ చేసేదాకా పాత ఫైళ్లే నడుస్తుంటాయి. కొత్త చొక్కా కొని బీరువాలో పెట్టి, పాతదే తొడుక్కు తిరిగినట్టు! రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అంటారేమో. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ తన కెర్నెల్ (అన్నిటినీ నడిపించే మూల భాగం) స్థితిని డిస్క్ మీద దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే మొదటి నుంచి మొదలవుతుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరని మిషన్‌లో క్వాలిటీ వరస అక్కడే ఆగిపోతే అది మిషన్ లోపం కాదు. అయినా డిఫెండర్ వరస మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అది చూసి అంతా బాగుందనుకోవద్దు.

మ్యాక్ వాడేవాళ్లకి పని తేలిక. ఆప్షన్ కీ నొక్కిపట్టి ఆపిల్ మెనూ తెరిస్తే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కనిపిస్తుంది. అందులో సాఫ్ట్‌వేర్ కింద ఇన్‌స్టాలేషన్స్ అనే చోట ఏది ఏ రోజు ఎక్కిందో మొత్తం ఉంటుంది. లైనక్స్‌లో ఫెడోరా అయితే డీఎన్ఎఫ్ హిస్టరీ అనే ఆదేశం చాలు. ఉబుంటు అయితే అప్‌డేట్లు ఎక్కించే ఆప్ట్ అనే ప్రోగ్రామ్ తన లాగ్‌లో, అంటే చిట్టాలో, ప్రతిదీ రాసుకుంటుంది. అక్కడా రీస్టార్ట్ గొడవ ఉంది. కొత్త కెర్నెల్ ఎక్కి ఉంటుంది, నడిచేది పాతదే అయి ఉంటుంది. ఏది నడుస్తోందో యూనేమ్ ఆదేశం చెబుతుంది, దాని తర్వాత ఖాళీ వదిలి చిన్న గీత, ఇంగ్లిషు చిన్న ఆర్ అక్షరం పెట్టాలి.

బ్రౌజర్‌లో ఏదో పేజీ చూస్తుండగా "మీ విండోస్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని వస్తే నొక్కకండి. మీ కంప్యూటర్‌లో ఏ అప్‌డేట్లు ఉన్నాయో వెబ్ పేజీకి తెలియదు. ట్యాబ్ మూసేసి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరే చూసుకోండి.

ఈసారి కంప్యూటర్ మొరాయిస్తోందని నాకు రాసేటప్పుడు విన్‌వర్‌లో కనిపించిన బిల్డ్, చివరగా ఎక్కిన కేబీ నంబర్, దాని తేదీ కూడా రాయండి. ఫెయిలైనది ఉంటే ఎర్రర్ కోడ్ కూడా.

ప్రేమతో,
మీ పెద్దమ్మ