పొలిమేర దాటని చాటింపు

ఎంవీపీ కాలనీలో మా వెనుక వీధిలో ఉండే విశ్రాంత లెక్కల మాస్టారు ఒకరు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. వారిది రెండంతస్తుల ఇల్లు. ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చిన రౌటరు కింది హాలులో ఉంది. స్లాబు దాటి పైకి సిగ్నలు సరిగా అందకపోవడంతో పై గదికి మరో రౌటరు కొని, కిందినుంచి తీగ లాగి తగిలించారు. పైన ఫోన్లన్నీ చక్కగా పనిచేశాయి. కానీ పై గదిలోని లాప్‌టాప్‌కు కింది ప్రింటరు కనిపించదు. బయటి సర్వరుతో పని లేకుండా ఇంట్లోనే చూసుకునే మేడ మీది కెమెరా, కింద కూర్చున్న మాస్టారి ఫోనుకు అందదు. "అమెరికాలో ఉన్న మా అబ్బాయి ముఖం కనిపిస్తోంది గానీ, పన్నెండు అడుగుల కింద ఉన్న ప్రింటరు కనిపించదేమిటండీ?" అన్నారాయన. విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన నాటినుంచి మా కాలనీ పార్కులో డేటా సెంటర్ల గురించి తెలియనివారు లేరు. ఆ పార్కుకు ఎదురింట్లోనే కాగితం ముద్రించుకోవడానికి పెన్‌డ్రైవ్ పట్టుకొని మెట్లు దిగుతున్నారు.

వైఫై అంటే ఏమిటి, రౌటరు అంటే ఏమిటి అనే ఉపోద్ఘాతం జోలికి నేను పోవడం లేదు. ఈ చిక్కు అంతా ఒకే ఒక్క చర్యలో ఉంది. దానిని తెలుసుకుంటే తక్కినదంతా దానంతటదే విడిపోతుంది. ఆ చర్య చాటింపు.

లాప్‌టాప్‌కు ప్రింటరు ఐపీ సంఖ్య, అంటే నెట్‌వర్కులో దానికిచ్చిన చిరునామా, తెలిసినంత మాత్రాన సరిపోదు. ఇంట్లో తీగ మీదనైనా, గాలిలోనైనా నడిచే ప్రతి ప్యాకెట్ (సమాచారపు ఉత్తరం) పైనా గమ్యస్థానపు మ్యాక్ అడ్రసు, అంటే ఆ పరికరానికి తయారీలోనే కేటాయించిన 48 బిట్ల సంఖ్య, రాసి ఉండాలి. అది తెలియని లాప్‌టాప్ ఏం చేస్తుంది? పూర్వం ఊరి వెట్టివాడు టముకు వేసినట్లు, "192.168.1.50 ఎవరో వారు తమ మ్యాక్ అడ్రసు నాకు చెప్పవలసింది" అని చాటిస్తుంది. ఆ చాటింపు గమ్యంగా 48 బిట్లూ ఒకట్లే ఉంటాయి. దానికి "ఇది అందరికీ" అని అర్థం. అందరూ వింటారు, ఆ సంఖ్య గలవాడొక్కడే పలుకుతాడు. డేవిడ్ ప్లమ్మర్ 1982 నవంబరులో రాసి ఇచ్చిన ఏఆర్‌పీ అనే ఈ పద్ధతి, నేటికీ మన ఇళ్లలో క్షణక్షణమూ జరుగుతూనే ఉంది.

టముకుకు ఒక హద్దు ఉంది: అది పొలిమేర దాటదు. పాత నగరంలో ఎంత గట్టిగా వాయించినా డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల యారాడలో ఎవరికీ వినిపించదు. నెట్‌వర్కులో ఆ కొండ పేరే రౌటరు. అది ఉత్తరాలను అటూ ఇటూ దాటిస్తుంది గాని చాటింపులను దాటించదు. అది లోపం కాదు, దాని ధర్మం. లేకపోతే ప్రపంచంలోని ప్రతి యంత్రం వేసిన ప్రతి చాటింపూ మన ఇంట్లో మోగుతుంది. మాస్టారు పై గదికి సిగ్నలు తెచ్చామనుకున్నారు. నిజానికి ఇంటి మధ్యలో ఒక కొండ నిలబెట్టారు. ప్రింటరు కనిపించకపోవడానికి కారణం ఇదే. నేటి ప్రింటర్లు తమ ఉనికిని 224.0.0.251 అనే ప్రత్యేక చిరునామాకు పంపే ప్రకటనల ద్వారా తెలియజేస్తాయి. ఆ ప్రకటనలు కూడా రౌటరు దగ్గర ఆగిపోవాలనేది నియమం.

తాను వెతుకుతున్నవాడు తన ఊరివాడో పరాయి ఊరివాడో లాప్‌టాప్‌కు ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మాస్టారికి నచ్చింది, ఎందుకంటే దానికి జవాబు లెక్కలో ఉంది. తన ఐపీ సంఖ్యనూ ఎదుటివాడి సంఖ్యనూ 255.255.255.0 అనే సబ్‌నెట్ మాస్కుతో బిట్టు బిట్టునా "అండ్" చేస్తుంది. 255 ఉన్న చోట సంఖ్య అలాగే నిలుస్తుంది, 0 ఉన్న చోట చెరిగిపోతుంది. 192.168.0.15 నుంచి 192.168.0.0 మిగులుతుంది, 192.168.1.50 నుంచి 192.168.1.0 మిగులుతుంది. మిగిలినవి ఒకటైతే ఇద్దరిదీ ఒకే ఊరు, నేరుగా చాటింపు వేస్తుంది. వేరైతే చాటింపు మాని ప్యాకెట్‌ను రౌటరు చేతికి ఇస్తుంది. ఇంతకు మించి తెలివి ఏమీ లేదు.

ఇంత మొరటు లెక్క కావడం వల్లే ఒక వింత జరుగుతుంది. పై రౌటరు కూడా పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్నట్లే 192.168.1 వరుసలోనే ఉన్నదనుకోండి. అప్పుడు పై లాప్‌టాప్, కింద ఉన్న 192.168.1.50ని కూడా తన ఊరివాడే అనుకుంటుంది. కొండకు ఇవతలే నిలబడి ఎంతసేపు చాటించినా బదులు రాదు, రౌటరును మాత్రం ఒక్కసారైనా అడగదు. కొన్ని రౌటర్లు ఈ తగాదాను కనిపెట్టి తమ లోపలి వరుసను తామే మార్చుకుంటాయి. మాస్టారి రౌటరు 192.168.0 వరుసకు మారింది.

దానితో బాధ సగమే తీరింది. ఆ సగం ఏమిటో చూడదగినది. పైనుంచి ప్రింటరు సంఖ్యను చేత్తో టైపు చేస్తే ముద్రణ అయింది! పై రౌటరు ప్రతి ఉత్తరం మీదా పంపినవారి పేరు కొట్టివేసి, కింది ఊళ్లో తనకున్న 192.168.1.7 అనే పేరు రాసి, ఏ ఉత్తరం ఎవరిదో ఒక పోర్టు నంబరుతో చిట్టాలో రాసుకుంటుంది. బదులు రాగానే చిట్టా చూసి అసలువాడికి అందజేస్తుంది. నాట్ అనే ఈ పద్ధతిలో మాట ఎప్పుడూ లోపలివాడే మొదలుపెట్టాలి. కింది ఫోను మేడ మీది 192.168.0.30 కెమెరాను పిలిస్తే, కింది రౌటరుకు ఆ వరుస ఎక్కడుందో తెలియదు గనుక ప్యాకెట్‌ను బయటి దారి పట్టిస్తుంది. పై గదికి వెళ్లవలసినది గాజువాక వైపు బయలుదేరినట్లు. 192.168తో మొదలయ్యే సంఖ్యలను 1994లోనే సొంత నెట్‌వర్కుల వాడకానికి కేటాయించారు, బయటి ఇంటర్నెట్‌లో వాటికి దారి లేదు. ఆ ప్యాకెట్ అక్కడే ఎక్కడో అంతరిస్తుంది.

ఇంజనీరింగు కళాశాలల్లో నెట్‌వర్కుకు ఏడు పొరలని పిల్లల చేత పేర్లు వల్లె వేయిస్తారు. రెండో పొరకూ మూడో పొరకూ తేడా ఏమిటని అడిగితే ఆ ఏడూ మళ్లీ అప్పజెబుతారు. రెండు రౌటర్లు, ఒక తీగ, ఒక ప్రింటరు బల్ల మీద పెడితే అది పది నిమిషాల పాఠం: చాటింపు వినిపించేంత మేర రెండో పొర, పొలిమేర దాటించేది మూడో పొర.

కాబట్టి చికిత్స, కొండను తొలగించడం. అంటే రెండో రౌటరు చేత రౌటరు ఉద్యోగం మాన్పించడం. రౌటరు వెనుక విడిగా, చాలా వాటిలో వేరే రంగులో ఉండే, బయటి నెట్‌వర్కు తీగకు ఉద్దేశించిన వ్యాన్ పోర్టుకూ, ఇంటి పరికరాలకు ఉద్దేశించిన తక్కిన ల్యాన్ పోర్టులకూ మధ్యనే ఆ కొండ ఉంది. ల్యాన్ పోర్టులూ వైఫై అన్నీ ఒకే ఊరు. తీగను వ్యాన్ లోంచి తీసి ల్యాన్ లో పెడితే రెండో రౌటరు తీగలను కలిపే ఉత్త స్విచ్చుగా, వైఫై స్తంభంగా మిగులుతుంది. కానీ దానికి ముందే, తీగ తగిలించకుండా, ఒక లాప్‌టాప్‌తో దాని సెట్టింగుల పేజీ తెరిచి రెండు పనులు చేయాలి. దాని సొంత సంఖ్యను కింది రౌటరు పంచే సంఖ్యలకు బయట ఉండేటట్లు, ఉదాహరణకు 192.168.1.2గా, మార్చాలి, తర్వాత దాని డీహెచ్‌సీపీని ఆపివేయాలి. ఐపీ సంఖ్యలు పంచే ఆ పని ఇంటికి ఒక్కరే చేయాలి. ఇద్దరు పంచితే ముందు పలికినవారి మాటే చెల్లుతుంది, పై రౌటరు మాట విన్న ఫోను బయటికి దారి లేని దానినే దారి అనుకొని కూర్చుంటుంది. ఇంటర్నెట్ ఒక పూట ఉండి ఒక పూట పోవడానికి ఇది తరచైన కారణం. మాస్టారి బంధువొకరు దానికి ఈశాన్యం మూలలో రౌటరు పెట్టమని వాస్తు సలహా ఇచ్చారట. ఈశాన్యంలో వారికి నీళ్ల ట్యాంకు ఉంది. రేడియో తరంగాలను నీళ్లు చక్కగా మింగేస్తాయి.

రెండు రౌటర్ల మధ్య తీగ ఒక్కటే ఉండాలి. "రెండు వేస్తే వేగం రెట్టింపు కదా" అని మాస్టారు అడిగారు. ఐపీ ప్యాకెట్‌లో ప్రతి రౌటరు దగ్గరా ఒకటి తగ్గే ఆయుర్దాయం ఉంటుంది. తీగ మీద ఆ ప్యాకెట్‌ను మోసే ఈథర్నెట్ చట్రంలో అది లేదు. చాటింపు ఒక తీగలో వెళ్లి రెండో తీగలో తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లి, చావు లేకుండా తిరుగుతూ నెట్‌వర్కు అంతా నింపేస్తుంది. ఇలాంటి చుట్లను కనిపెట్టి ఒక తీగను తానే మూసివేసే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించారు. ఇళ్లలో వాడే చవక రౌటర్లలో అది పనిచేస్తుందని నమ్ముకోకూడదు.

తీగ లాగే వీలు లేనివారు గాలిలోనే కలపవచ్చు గాని నాకది రెండో పక్షం. మామూలు వైఫై చట్రంలో మూడు చిరునామాలే నింపుతారు. రెండు స్తంభాల మీదుగా వెళ్లే దానికి నాలుగోది కావాలి, దానిని తయారీదార్లు తలా ఒక తీరున అమలు చేశారు గనుక వేర్వేరు కంపెనీల రౌటర్లకు తరచు పొత్తు కుదరదు. పైగా ఒకే ఛానెల్లో విని, అదే మాట మళ్లీ పలికే రిపీటరు వేగాన్ని దాదాపు సగం చేస్తుంది. రాగి తీగకు 100 మీటర్ల వరకు ఆ బాధ లేదు. సముద్రపు ఉప్పుగాలికి మేడ మీద ఇనుప చువ్వలే తుప్పు పట్టే మన ఊళ్లో, దానిని ఇంటి లోపలినుంచే తీసుకువెళ్లడం మంచిది.

మాస్టారి ఇంట్లో రెండు రౌటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో కిందిదాన్ని 1వ ఛానెల్‌కూ పైదాన్ని 6వ ఛానెల్‌కూ మార్చాము. పై లాప్‌టాప్‌లో "ఏఆర్‌పీ -ఏ" అని కొట్టగా 192.168.1.50 పక్కన ప్రింటరు మ్యాక్ అడ్రసు కనిపించింది. ప్రింటరు వెనుక అంటించిన చీటీతో మాస్టారు దానిని అంకె అంకెకూ సరిచూశారు. మళ్లీ ఎవరూ పొరపాటున తీగను అందులో పెట్టకుండా, పై రౌటరు వ్యాన్ పోర్టు మీద ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి వచ్చాను.