ఒంటి లైను మీద నూరేళ్లు: మహబూబ్‌నగర్ రైల్వే స్టేషన్

సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వరకు రెండో లైను 2023లో గాని పూర్తి కాలేదు. ఇంత ఆలస్యానికి మూలం ఈ మార్గం పుట్టుకలోనే ఉంది.

హైదరాబాదును వాడి జంక్షన్‌తో కలుపుతూ నిజాం కాలంలో 1874లోనే బ్రాడ్‌గేజీ (పట్టాల మధ్య ఎడం ఎక్కువగా ఉండే దారి) పడింది. పాలమూరు వంతు రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1916లో సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా లైను వచ్చినా, అది పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్ల ఎడమే ఉండే మీటరుగేజీ కావడంతో, ఇక్కడ వ్యాగన్లకెత్తిన సరుకు దూరం పోవాలంటే గేజీ మారేచోట హమాలీలు దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది.

ఒంటి లైను మీద బండి నడవడానికి టోకెన్, అంటే ముందు దారిలోకి పోవచ్చనే అనుమతి గుర్తు, ప్రాణం. పెద్ద రింగుకు కట్టిన తోలు సంచిలో ఇనుప గోళం ఉండేది. ఆగని బండికి స్టేషన్ మనిషి ఆ రింగును చేయెత్తి పట్టుకుంటే, ఇంజనులోని మనిషి చేయి దూర్చి అందుకునేవాడు. అది చేతికి రానిదే బండి ముందు సెక్షన్‌లోకి (తరువాతి స్టేషన్ దాకా ఉన్న దారిలోకి) పోరాదు; ఎదురు బండి వచ్చేదాకా స్టేషన్‌లో నిలిచి ఉండవలసిందే.

1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు రైలు ప్రమాదం తరువాత చేసిన రాజీనామాయే ఆమోదం పొందింది. అందరూ అరియలూరునే తలుస్తారు గాని, ఆయన మొదట పదవి వదులుకోబోయింది మన నేల మీద పోయిన ప్రాణాలకని పాలమూరు పిల్లలకైనా చెప్పాలి.

1990వ దశకంలో బ్రాడ్‌గేజీ వచ్చింది. సుమారు 1,410 కోట్ల రూపాయలతో చేపట్టిన 85 కిలోమీటర్ల సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్ (రెండో లైను), విద్యుదీకరణ 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమయ్యాయి. ఇక్కడి నుంచి డోన్ దాకా రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గ ఆమోదం అదే ఏడాది ఆగస్టులో దొరికింది. కర్నూలుకు తుంగభద్ర, తిరుపతి వైపు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కే ఈ స్టేషన్‌లో 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ కూడా ఆగుతోంది.

అయితే బతుకుదెరువుకు బొంబాయి బస్సెక్కే జిల్లాకు అన్నిటికన్నా అవసరమైనది పడమటి దారి. 1997–98లో మంజూరైన మహబూబ్‌నగర్–మునీరాబాద్ (కర్ణాటక) లైనులో దేవరకద్ర, మక్తల్ మీదుగా కృష్ణా స్టేషన్ దాకా పట్టాలు పూర్తయి, ముంబై–చెన్నై ప్రధాన మార్గంతో కలిసింది 2023 అక్టోబరు 1న. మంజూరైన నాటికి పుట్టిన పిల్లలకు అప్పటికి పాతికేళ్లు.