ఆన్‌లైన్‌లో చదివిన నర్సుకు లైసెన్సు ఇవ్వాలా? కాలిఫోర్నియా ఎందుకు కుదరదంది

అమెరికాలో దూరవిద్యలో నర్సింగ్ చేస్తే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు వస్తుందా అని ఎవరైనా అడిగితే, ఏ రాష్ట్రంలో అని తిరిగి అడగడం తప్ప వేరే జవాబు లేదు. అక్కడ నర్సు లైసెన్సు కేంద్రం ఇచ్చేది కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఇస్తుంది. పరీక్ష మాత్రం దేశమంతా ఒకటే, ఎన్‌క్లెక్స్. దాంతో ఒకే కాలేజీలో ఒకే డిగ్రీ తీసుకుని, ఒకే పరీక్ష పాసైన ఇద్దరిలో ఒకరు న్యూయార్క్‌లో హాయిగా డ్యూటీలో చేరిపోతారు, రెండోవారి దరఖాస్తును కాలిఫోర్నియా బోర్డు మొదటి పేజీలోనే పక్కన పెట్టేస్తుంది.

ముందే ఒక విషయం. గొడవంతా మొదటి లైసెన్సు గురించే. ఆల్రెడీ ఆర్‌ఎన్‌గా పనిచేస్తున్న వాళ్లు ఆన్‌లైన్‌లో బీఎస్సీ పూర్తిచేయడం అమెరికాలో మామూలు సంగతి, దానికి ఏ బోర్డూ అడ్డు చెప్పదు, ఎందుకంటే వాళ్లు వార్డులో చేయి తిరిగినవాళ్లని ముందే తేలిపోయింది. "ఫలానా వాళ్లు ఆన్‌లైన్‌లోనే చేశారు కదా" అని మనవాళ్లు చెప్పుకునే ఉదాహరణల్లో చాలావరకు ఈ రకానివే. ఇది తెలియక ఫీజులు కట్టేసి తర్వాత తలపట్టుకునేవాళ్లు ఉంటారు కాబట్టి మొదట్లోనే చెప్పేస్తున్నా.

ఇక చరిత్రలోకి వెళ్దాం. ఇది ఇంటర్నెట్ తెచ్చిన తగాదా అనుకుంటే పొరపాటే. 1900 ప్రాంతంలోనే న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో షటాక్వా స్కూల్ ఆఫ్ నర్సింగ్ అని ఒకటి ఉండేది. పాఠాలు పోస్టులో వచ్చేవి, ఇంట్లో కూర్చుని చదువుకుని నర్సు అయిపోవచ్చని పత్రికల్లో జోరుగా ప్రకటనలు వేసేవాళ్లు. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లు, మూడేళ్లు ఆసుపత్రి హాస్టల్లో ఉండి శిక్షణ తీసుకునే వీల్లేనివాళ్లు దాంట్లో చేరి, ఇళ్లకెళ్లి రోగులను చూసుకునే ప్రైవేటు డ్యూటీలు చేసుకునేవాళ్లు. ఆసుపత్రి స్కూళ్లలో చదివిన నర్సులకూ వాళ్ల సంఘాలకూ ఇది అస్సలు మింగుడుపడలేదు. రోగి ముఖం చూడకుండా నర్సింగ్ ఎలా వస్తుందన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో పస ఉంది, కాకపోతే పోటీ భయం కూడా అంతే ఉంది.

నర్సుల రిజిస్ట్రేషన్ చట్టాలు పుట్టింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. 1903లో మొదట నార్త్ కరోలినా, అదే ఏడాది న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా చట్టాలు చేశాయి. అయితే ఆ చట్టాలు ఆర్‌ఎన్ అనే పేరును మాత్రమే కాపాడాయి. ఆ పేరు పెట్టుకోకుండా నర్సు పని ఎవరు చేసుకున్నా అడిగే నాథుడు లేడు. లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని నర్సు పని చేయకూడదని మొదట చట్టం తెచ్చింది న్యూయార్కే, 1938లో, అదీ యుద్ధం వల్ల అమల్లోకి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఆసుపత్రి స్కూళ్ల శిక్షణ గొప్పదని కూడా మరీ అనుకోవక్కర్లేదు. స్టూడెంట్లంటే ఆసుపత్రికి జీతం లేని పనివాళ్లే. నేల తుడవడం, దుప్పట్లు మార్చడం, రాత్రంతా వార్డు చూసుకోవడం, మధ్యలో కునికిపాట్లు పడుతూ ఒక లెక్చర్. 1923లో వచ్చిన గోల్డ్‌మార్క్ రిపోర్టు ఈ పద్ధతిని గట్టిగానే తప్పుపట్టింది. వార్డులో గడిపిన గంటలు ఎక్కువైనంత మాత్రాన నేర్చుకున్నది ఎక్కువని కాదన్న సంగతి నూరేళ్ల కిందటే తెలుసన్నమాట. ఆ తర్వాత నర్సింగ్ చదువు మెల్లగా ఆసుపత్రుల చేతిలోంచి కాలేజీల్లోకి నడిచింది, 1950లలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ వచ్చింది.

అసలు కథ 1970లో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్ర విద్యా కమిషనర్ ఎవాల్డ్ నైక్విస్ట్ ఒక మాట అన్నారు: ఎక్కడ చదివావు, ఎలా చదివావు అన్నది వదిలేద్దాం, నీకేం వచ్చో పరీక్ష పెట్టి చూసి డిగ్రీ ఇద్దాం అని. 1971లో ఫోర్డ్, కార్నెగీ సంస్థల డబ్బుతో రీజెంట్స్ ఎక్స్‌టర్నల్ డిగ్రీ ప్రోగ్రాం మొదలైంది. తరగతి గది లేదు, పాఠం చెప్పే టీచరు లేడు, ఉన్నవి పరీక్షలే. అదే తర్వాత రీజెంట్స్ కాలేజీ అయింది, 1998లో ప్రభుత్వం నుంచి విడిపోయి సొంతంగా నిలబడింది, 2001లో ఎక్సెల్సియర్ కాలేజీగా, 2022లో ఎక్సెల్సియర్ యూనివర్సిటీగా పేరు మార్చుకుంది. ఆల్బనీలో ఉంటుంది.

చరిత్రకో, సాహిత్యానికో ఇలా డిగ్రీ ఇస్తే ఎవరికీ పెద్ద పేచీ ఉండదు. వీళ్లు నర్సింగ్‌కి కూడా ఇచ్చారు. కెలాగ్ ఫౌండేషన్ సాయంతో, క్యారీ లెన్‌బర్గ్ అనే నర్సింగ్ విద్యావేత్త సారథ్యంలో ఆ కోర్సు తయారైంది. రోగి దగ్గర పని వచ్చో రాదో ఎలా తేల్చాలన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు సీపీఎన్‌ఈ అనే ప్రాక్టికల్ పరీక్ష. నర్సింగ్ చదివిన ఎవరినైనా కాసేపు చెమటలు పట్టించే పరీక్ష అది.

నిజమైన ఆసుపత్రిలో, ఒక వారాంతంలో, దాదాపు రెండున్నర రోజులు జరిగేది. మొదట ల్యాబ్ స్టేషన్లు: ఇంజెక్షన్ ఇవ్వడం, ఐవీ లైన్లో మందు పుష్ చేయడం, డ్రిప్‌లో మందు ఎక్కిస్తూ నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కకట్టి పెట్టడం, గాయానికి చేయి సోకకుండా డ్రెస్సింగ్. తర్వాత బెడ్ల మీదున్న నిజమైన పేషెంట్లు, ఇద్దరు పెద్దవాళ్లు, ఒక చిన్నబిడ్డ. ఒక్కొక్కరికి రెండున్నర గంటల్లోపు కేర్ ప్లాన్ రాసి, పని చేసి, రికార్డు చేయాలి. పక్కనే ఎగ్జామినర్ నిలబడి చూస్తుంటారు, సాయం చేయరు. తప్పనిసరి అని రాసిపెట్టిన అంశాల్లో ఒక్కటి తప్పినా ఆ భాగం ఫెయిలే, సగం మార్కులనే మాట లేదు. మూడుసార్లు తప్పితే ఇక ఇంటికే. రెండు వేల డాలర్లకు పైగా ఫీజు కట్టి, విమానమెక్కి వేరే ఊరెళ్లి, చేయి కడుక్కోవడం మర్చిపోయినందుకు ఫెయిలైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఆ టెన్షన్ తట్టుకోవడానికే విడిగా కోచింగ్ వర్క్‌షాపులు వెలిశాయి.

ఇందులో చేరినవాళ్లు కూడా గాలికి వచ్చినవాళ్లు కాదు. ఎక్కువమంది ఎల్‌పీఎన్‌లు, అంటే ఆర్‌ఎన్ కంటే ఒక మెట్టు కింది లైసెన్సున్న నర్సులు (కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో వీళ్లనే ఎల్‌వీఎన్ అంటారు), అంబులెన్సుల్లో పనిచేసే పారామెడిక్‌లు, సైన్యంలో వైద్య సేవలు చేసి వచ్చినవాళ్లు. రాత్రి డ్యూటీలు చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ, మామూలు కాలేజీలో సీటు కోసం ఏళ్లు ఆగలేక ఈ దారి పట్టినవాళ్లు. తర్వాత కాలంలో కాలేజీ కూడా ఇలాంటి వైద్య నేపథ్యం ఉంటేనే చేర్చుకుంది. నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ గుర్తింపు ఉంది, ఎన్‌క్లెక్స్ రాసేవాళ్లు రాస్తున్నారు, పాసవుతున్నారు, కాలిఫోర్నియాతో సహా రాష్ట్రాలు లైసెన్సులు ఇస్తూనే ఉన్నాయి.

మరి 2003లో ఏమైంది? కాలిఫోర్నియా రిజిస్టర్డ్ నర్సింగ్ బోర్డు కోర్సును మళ్లీ తిరగేసి, మా చట్టం అడిగేది ఇందులో లేదని తేల్చేసింది. ఆ ఏడాది డిసెంబర్ 6న గానీ ఆ తర్వాత గానీ ఎక్సెల్సియర్‌లో చేరినవాళ్లకు లైసెన్సు ఇవ్వబోమంది. అక్కడి నిబంధన ప్రకారం 18 సెమిస్టర్ యూనిట్ల థియరీ, 18 యూనిట్ల క్లినికల్ (వార్డులో చేసే శిక్షణ) ఉండాలి. అదొక్కటే అయితే ఏదో సర్దుకోవచ్చు. పెద్దలకు మెడికల్-సర్జికల్, వృద్ధులు, పిల్లలు, ప్రసూతి, మానసిక వైద్యం అనే అయిదు విభాగాల్లో థియరీ, క్లినికల్ ఒకేసారి జోడుగా సాగాలి. అంటే ఈ వారం గుండెజబ్బు పాఠం చదివితే దాని వెంటే ఆ వార్డులో టీచరు కళ్లముందు పనిచేయాలి. ఎక్సెల్సియర్‌లో టీచరు పర్యవేక్షణలో క్లినికల్ అన్నదే లేదు. చివర్లో పరీక్ష ఉంది, అంతే.

కాలేజీ కోర్టుకెళ్లింది. 2006లో శాక్రమెంటోలోని అప్పీల్ కోర్టు బోర్డు పక్షానే నిలిచింది. చట్టం అడిగేది పర్యవేక్షణలో జరిగిన శిక్షణను, ఆఖరి రోజు పెట్టిన పరీక్ష ఎంత కఠినమైనదైనా దానికి బదులు కాదన్నదే తీర్పులోని సారం. వేరే రాష్ట్రంలో ఆర్‌ఎన్ లైసెన్సు తీసుకుని ఆ దారిన కాలిఫోర్నియాకు వద్దామన్నా చదువు విషయం దగ్గరే ఆగిపోతారు.

నా మటుకు నాకు బోర్డు అడిగింది న్యాయమే అనిపిస్తుంది, చేసిన తీరు మాత్రం కాదు. పరీక్ష రోజు ముగ్గురు పేషెంట్లు దొరుకుతారు. ప్రసవం మధ్యలో పరిస్థితి తిరగబడటం, మందు పడక ఒంటిమీద దద్దుర్లు లేవడం, తెల్లవారుజామున బీపీ పడిపోవడం పరీక్ష టైంటేబుల్ చూసుకుని రావు. నెలల తరబడి వార్డులో ఉంటేనే అలాంటివి కంటబడతాయి, అప్పుడు పక్కన ఎవరో ఒక సీనియర్ ఉండి "ఇదిగో, ముందు ఇది చూడు" అనాలి. కానీ పదిహేనేళ్లు ఎల్‌వీఎన్‌గా వార్డుల్లోనే బతికిన మనిషినీ, ఆసుపత్రి గడప తొక్కని మనిషినీ ఒకే గాటన కట్టి, ఇద్దరికీ కుదరదనడం సోమరి పాలన. పైగా అదే రాష్ట్రంలో ఎల్‌వీఎన్‌లు 30 యూనిట్లు చదివి డిగ్రీ లేకుండానే ఎన్‌క్లెక్స్ రాసి ఆర్‌ఎన్ అయ్యే దారి ఒకటుంది, ఆ లైసెన్సును మిగతా రాష్ట్రాలు సాధారణంగా ఒప్పుకోవు. ఎవరి లెక్కలు వాళ్లవి.

జార్జియా ఇంతకంటే తెలివైన పని చేసింది. ఇలాంటి కోర్సులకు చట్టంలోనే సంప్రదాయేతర నర్సింగ్ విద్య అని చోటు పెట్టి, డిగ్రీ అయ్యాక ప్రిసెప్టర్ (పక్కనుండి పని నేర్పే సీనియర్ నర్సు) కింద కొన్ని వందల గంటలు పనిచేస్తేనే లైసెన్సు అంది. ఎన్ని గంటలన్నది ఆ మనిషి పాత అనుభవాన్ని బట్టి మారుతుంది. లోటు ఎక్కడుందో చూసి అక్కడే పూడ్చడం అంటే ఇదే.

కాలిఫోర్నియా గంటల పట్టుదల కూడా మరీ కదలనిదేం కాదు. క్లినికల్ గంటల్లో 75 శాతం పేషెంట్ దగ్గరే ఉండాలన్న నిబంధనను 2020లో కోవిడ్ రాగానే 50 శాతానికి, ప్రసూతి, పిల్లల, మానసిక వైద్య విభాగాల్లో 25 శాతానికి తాత్కాలికంగా తగ్గించారు. అంతకుముందే 2014లో జాతీయ స్థాయిలో రాష్ట్ర బోర్డుల మండలి చేయించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. బొమ్మలతో, కల్పిత సన్నివేశాలతో బాగా నడిపించిన సిమ్యులేషన్ శిక్షణ క్లినికల్ గంటల్లో సగం దాకా తీసుకున్నా ఫలితాల్లో పెద్ద తేడా రాలేదని అది చెప్పింది. అయితే గమనించండి, అందులో కూడా టీచరు పక్కనే ఉన్నారు. సీపీఎన్‌ఈ సంగతికొస్తే అది ఇప్పుడు లేదు, ఆ స్థానంలో వేరే పద్ధతి తెచ్చారు.

2023 జనవరిలో బయటపడ్డ ఆపరేషన్ నైటింగేల్ ఈ చర్చనంతా ఇంకో మలుపు తిప్పింది. ఫ్లోరిడాలో కొన్ని నర్సింగ్ స్కూళ్లు క్లాసూ లేదు వార్డూ లేదు, డబ్బు తీసుకుని డిప్లొమాలు అమ్మేశాయి, సుమారు 7,600. కొన్నవాళ్లలో దాదాపు 2,400 మంది ఎన్‌క్లెక్స్ కూడా పాసయ్యారని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. ఇది పచ్చి మోసం, దూరవిద్యకూ దీనికీ పోలిక లేదు, చాలామంది కావాలనే రెంటినీ కలిపేస్తున్నారు. కానీ "ఎన్‌క్లెక్స్ పాసైతే చాలదా, ఇంకా గంటలెందుకు" అని వాదించేవాళ్ల నోటికి మాత్రం దీంతో తాళం పడింది.

మనకు దీంతో పనేంటంటారా, ఉంది. థియరీ, క్లినికల్ జోడుగా సాగాలన్న ఆ కాలిఫోర్నియా నిబంధన విదేశాల్లో చదివినవాళ్లకూ వర్తిస్తుంది. ఫిలిప్పీన్స్ నర్సులు చాలామంది ఆ కారణంగానే ఆగిపోయారు. హైదరాబాద్ సెంటర్లో ఎన్‌క్లెక్స్ రాద్దామనుకునే జీఎన్‌ఎం, బీఎస్సీ వాళ్లు ఏ రాష్ట్ర బోర్డుకు అప్లై చేస్తున్నారో ముందే ఆలోచించుకోవాలి, కాలేజీ ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏ సబ్జెక్టు ఎప్పుడు, దాని క్లినికల్ పోస్టింగ్ ఎప్పుడు అన్నది స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇక్కడ మన దేశంలో గీత ఇంకా గట్టిగానే గీశారు. యూజీసీ దూరవిద్యలో నడపకూడదన్న కోర్సుల్లో నర్సింగ్ ఉంది. ఇగ్నో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ నడిపినా అది అప్పటికే రిజిస్టరై ఉద్యోగాల్లో ఉన్న సిస్టర్ల కోసం పెట్టింది, దానికీ ప్రాక్టికల్స్ నర్సింగ్ కాలేజీల్లోనే.

అమెరికాలో రాష్ట్రాల మధ్య గోడలు కొంత పల్చబడ్డాయి. నర్స్ లైసెన్సు కాంపాక్ట్‌లో ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలున్నాయి, సొంత రాష్ట్రంలో ఆ రకం లైసెన్సు ఉంటే మిగతా వాటిలోనూ పనిచేయొచ్చు. కాలిఫోర్నియా అందులో లేదు, విచిత్రంగా ఎక్సెల్సియర్ పుట్టిన న్యూయార్క్ కూడా లేదు. ఇంకో మార్పు కాలేజీల వైపు నుంచి వచ్చింది. తమ కోర్సు ఏ రాష్ట్రంలో లైసెన్సుకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది 2020 జులై నుంచి కాలేజీలే బయటపెట్టాలని కేంద్ర విద్యాశాఖ నిబంధన తెచ్చింది, 2024 జులై నుంచి దాన్ని ఇంకా బిగించింది. ఫీజు కట్టేముందు కాలేజీ వెబ్‌సైట్లో ఆ పేజీ వెతికి, మీరు ఉండబోయే రాష్ట్రం పేరు ఏ వరసలో ఉందో చూడండి, తర్వాత ఆ రాష్ట్ర బోర్డుకే ఒక ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి, ఎందుకంటే అడ్మిషన్ కౌన్సిలర్ ఫోన్లో ఇచ్చే హామీ ఏ బోర్డు దగ్గరా చెల్లదు.